నా డేరా తవ్విన ఏడాది

మందులు ఆపేసి మూడు నెలలైంది. ఛాతీ డాక్టరు చివరి ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు ఎత్తి చూసి, "ఇక మీరు రానక్కర్లేదు" అన్నాడు. నేను నమ్మలేదు. ఇంకోసారి చూడమన్నాను. ఆయన చూసి మళ్లీ అదే మాట అన్నాడు. బయటికొచ్చాక ఆ ఫిల్మును నేనే ఎండకు పట్టి చూశాను, నాకు అందులో ఏమీ తెలియకపోయినా. ఎవరి మాటా నమ్మకపోవడం ఈ ఏడాదిలో నాకు పట్టిన రెండో జబ్బు. మొదటిదానికి మాత్రలున్నాయి. రెండోదాని గురించి రాస్తున్నాను.

మా సంఘంలోవాళ్లు ఇది చదివితే కొందరికి కోపం రావచ్చు. జబ్బుతో మంచాన ఉన్నవాళ్లెవరైనా చదివితే మాత్రం వాళ్లకు ఒక సంగతి ముందే చెప్పాలి. మీ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ప్రార్థన చేసేవాళ్లలో నాలాంటివాడు ఒకడు ఉండొచ్చు. జాగ్రత్త.

మాది ఒంగోలు వైపు. తొంభై ఆరులో మాదాపూర్‌లో కొత్త భవనాలు కట్టే ఒక కంపెనీలో స్టోర్స్ చూసే పని దొరికి లింగంపల్లి వచ్చాం. నా భార్య సుగుణ నర్సు, లింగంపల్లిలోనే ఒక ఆస్పత్రిలో చేస్తుంది. నాలుగేళ్ల పాప. స్టేషను వెనక రేకుల షెడ్డులో నడిచే చిన్న సంఘంలో చేరాం. బాగా మాట్లాడతానని ఏడాది తిరక్కుండానే నన్ను సంఘపెద్దను చేశారు.

మా సంఘానికి ఒక అలవాటు ఉంది. యుద్ధంలో దోచిన సొమ్మును ఒకడు తన డేరా కింద పాతిపెడితే, దాని వల్ల సైన్యమంతా ఓడిపోయిన కథ బైబిల్లో ఉంది. అందుకని ఎవరైనా జబ్బుపడితే స్వస్థత ప్రార్థనకు ముందు పెద్దలు వాళ్లింటికి వెళ్లి అడగాలి: దాచిపెట్టిందేమైనా ఉందా? ఎవరితోనైనా తగాదా ఉందా? మానని అలవాటు ఉందా? దీన్ని మేం 'డేరా తవ్వడం' అనేవాళ్లం. "ఈ శుక్రవారం ఫలానావాళ్ల డేరా తవ్వాలి, బ్రదర్" అని మామూలుగా, కూరగాయలకు వెళ్దాం అన్నట్టే చెప్పుకునేవాళ్లం. నేను బాగా తవ్వుతానని పేరు. గట్టిగా గద్దించేవాణ్ణి కాదు. మెల్లగా అడిగి, ఊరుకుని, ఎదుటిమనిషి ఆ మౌనం భరించలేక ఏదో ఒకటి చెప్పేదాకా కూర్చునేవాణ్ణి.

తొంభై ఏడు వానాకాలంలో యాదయ్య డేరా తవ్వాను. తెల్లాపూర్ నుంచి వచ్చేవాడు. మాదాపూర్ గుట్టల్లో రాయి కొట్టే పని. అప్పుడు అక్కడ పొద్దున్నుంచీ పేలుళ్లు, ఎర్రజెండాలు, ఆ తర్వాత తెల్లటి దుమ్ము. మా స్టోర్స్ గదిలో బిల్లుపుస్తకం మీద కూడా వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. యాదయ్య దగ్గుతూ దగ్గుతూ సగమయ్యాడు. మూడు శుక్రవారాలు వెళ్లాం. మూడోసారి, అన్న కొడుకు పెళ్లిలో కల్లు తాగానని ఒప్పుకున్నాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో దాచను. దొరికింది అనుకున్నాను. ప్రార్థన చేశాం. మూడు వారాలకు పోయాడు. ఒప్పుకోలు ఆలస్యమైంది అన్నాను నేను, సమాధి దగ్గరే.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో అతని భార్య మణెమ్మ లేచింది. మా దగ్గర సాక్ష్యం అంటే దేవుడు చేసిన మేలు చెప్పి స్తోత్రం అని కూర్చోవడం. ఆమె పైకి చూసి మొదలుపెట్టింది.

"ఏం జేసిండయ్యా నా మొగుడు? రాయి గొట్టిండు. రాయి గొట్టి దుమ్ము మింగిండు. నువ్వు సూస్తనే ఉన్నవ్ గద. సూస్కుంట ఎట్ల కూసున్నవ్?"

షెడ్డంతా బిగుసుకుపోయింది. నేను డోలక్ దగ్గర ఉన్న అబ్బాయివైపు చూసి పాట ఎత్తుకోమని చేత్తో సైగ చేశాను. స్తుతిపాట, చప్పట్లతో. ఆమె ఆపలేదు. పాటలో ఆమె మాట మునిగిపోయింది గానీ పెదాలు కదులుతూనే ఉన్నాయి. రెండో చరణం దాకా నిలబడి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. వేరే సంఘానికి వెళ్తోందేమో అని పాస్టరు గారికి చెప్పాను. వాకబు చేయలేదు.

తొంభై ఎనిమిది జనవరిలో నాకు దగ్గు మొదలైంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం, చొక్కా కాలరు వదులుకావడం. ఆకలి ఉండేది కాదు, అన్నం వాసనకే విసుగు. పొడిదగ్గు అని సరిపెట్టుకున్నాను. సుగుణ మాత్రం రెండో వారంలోనే కనిపెట్టి, తన ఆస్పత్రి నుంచి చిన్న డబ్బా తెచ్చి, పొద్దున్నే అందులో ఉమ్మమంది. క్షయ అని తేలింది.

నేను మొదట అనుమానించింది ఆ డబ్బాను. ఎవరి డబ్బాతోనో మార్చేశారని సుగుణతో వాదించాను. ఇంకో చోట చేయించాను. అక్కడా అదే. అప్పుడు మనుషుల మీద పడ్డాను. స్టోర్స్‌లో నా పక్కన కూర్చునేవాడు నా గ్లాసుతో నీళ్లు తాగుతాడు, వాడేనా? బస్సులోనా? షెడ్డులోనా? ఎవరు దగ్గినా ముఖాలు గుర్తుపెట్టుకునేవాణ్ణి. పాపకు అంటకూడదని తెనాలిలో అత్తగారింటికి పంపేశాం. రైలు కదులుతున్నప్పుడు అది ఏడవలేదు. ఎందుకు ఏడవలేదా అని దాని మీద కూడా అనుమానమే.

ఇక వచ్చిపోయేవాళ్లు. సంఘంలో రెండో పెద్ద ఇమ్మానుయేలు గారు, నా తర్వాతి స్థానంలో ఉన్న మనిషి, ద్రాక్షపళ్లు తెచ్చారు. ఆయన భార్య సుగుణ ఇచ్చిన టీ చేత్తో పట్టుకునే ఉంది, తాగలేదు. పోయేటప్పుడు నిండు కప్పు కిటికీలో పెట్టి వెళ్లింది. ఆ రోజుల్లో సన్నబడినవాణ్ణి చూస్తే అందరికీ ఇంకో జబ్బు గుర్తుకొచ్చేది, పైకి పేరు చెప్పేవాళ్లు కాదు. ఇమ్మానుయేలు గారు నా మంచం పట్టె మీద చెయ్యివేసి అన్నారు:

"రక్తపరీక్ష కూడా చేయించారా, బ్రదర్?"

"ఏ రక్తపరీక్ష అండి?"

"అదే. అన్నీ చేయించుకోవడం మంచిది కదా అని."

ఆయన ప్రేమతో అడిగారో, నా స్థానం కోసం అడిగారో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. ఎందుకంటే అదే మంచిమాట, అదే మెల్లటి గొంతు, ఎన్ని ఇళ్లలో నేను వాడానో నాకు తెలుసు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం నా డేరా తవ్వడానికి వచ్చారు. ఇమ్మానుయేలు గారు, ఇంకో ఇద్దరు. అడిగారు. ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం ఎంత బరువో అవతలివైపు కూర్చుంటేగానీ తెలియలేదు. గోడగడియారం, ముగ్గురి మోకాళ్లు, నా మీద మూడు జతల కళ్లు. నా బుర్ర గబగబా వెతకడం మొదలుపెట్టింది. స్టోర్స్‌లో ఏమైనా తీశానా? లేదు. ఎవరినైనా మోసం చేశానా? వెతికేకొద్దీ, ఏమీ దొరకకపోతే వీళ్లు నమ్మరన్న భయం పెరిగింది. యాదయ్య కల్లు ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడు అర్థమై ఉండాలి. కాలేదు. నేను ఇంకో పని చేశాను.

"నా వైపు ఏమీ లేదండి. సుగుణే ఉపవాసాలుండదు. ఆదివారాలు సంఘం మాని డ్యూటీ వేయించుకుంటుంది. ఆ వార్డుల నుంచే ఇది ఇంట్లోకి వచ్చిందేమో. ఆమె సంగతి మీరే చూడాలి" అన్నాను.

ముగ్గురూ తలలూపారు. దొరికినప్పుడు నేను ఎలా ఊపేవాణ్ణో అలాగే. వంటింట్లో చెంచా చప్పుడు ఆగింది. ఒక నిమిషానికి సుగుణ టీ పళ్లెం పట్టుకొచ్చి నలుగురికీ ఇచ్చి, లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడటం మానేసింది. పూర్తిగా కాదు. "మాత్ర వేసుకోండి." "వేడినీళ్లు పెట్టాను." "తలుపు వేసుకోండి, డ్యూటీకి వెళ్తున్నా." అంతే. మార్చి, ఏప్రిల్ అంతా ఈ మూడు నాలుగు మాటలతోనే గడిచాయి. పథ్యం తప్పలేదు, దుప్పటి మార్చడం తప్పలేదు. పళ్లెం విడిగా పెట్టుకుంటానంటే, అక్కర్లేదని తల అడ్డంగా ఊపేది. సాయంత్రం మేమిద్దరం కలిసి చేసుకునే కుటుంబ ప్రార్థన మాత్రం ఆగిపోయింది. నేను ఒక్కణ్ణే మోకరించేవాణ్ణి. మాట వచ్చేది కాదు. నన్ను బాగుచెయ్యి అనడానికి నోరు తెరిస్తే, వంటింట్లో ఆగిన చెంచా చప్పుడే వినిపించేది. ఆమె పెట్టె సర్దుకుని తెనాలి వెళ్లిపోతుందని అనుమానం. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు అలమర తెరిచి చీరలు చూసేవాణ్ణి. ఉన్నాయి. ఉన్నా నమ్మేవాణ్ణి కాదు. రోగం తగ్గుతున్నట్టు ఒంటికి తెలుస్తోంది. ఈ మనిషి నాకు మిగులుతుందా లేదా అన్నది ఒక్కటే మిగిలింది.

మే నెలలో మందులకు నేనే దవాఖానకు వెళ్లగలిగాను. ముక్కుకు రుమాలు కట్టుకుని వరండాలో బల్ల దగ్గర నిలబడ్డాను. బల్ల చివర మణెమ్మ. చేతిలో నాలాంటి మందుల చీటీయే. వెనక్కి తిరిగిపోదామనుకున్నాను, ఆమె అప్పటికే చూసింది.

"గా రుమాల్ దీసి కూసో సారూ. ఈడ అందరం దగ్గెటోళ్లమే."

జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను. నీకెప్పటి నుంచి అని అడిగాను.

"ఆయన పోతపోత నాకిచ్చి పోయిండు. బంగారం లేకపాయె, గిదే ఉండె" అని నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది.

ఇప్పుడు ఆమె నా డేరా తవ్వుతుందని ఎదురుచూశాను. ఏం చేశావు, నీకెందుకొచ్చింది అని అడగడానికి ఆమెకంటే హక్కున్నవాళ్లు లేరు. అడగలేదు. ఎన్ని నెలల మందులు అని అడిగింది. ఎర్రమాత్ర అన్నం తినకముందు వేసుకుంటే వాంతి తగ్గుతదా అని అడిగింది. నర్సు పేరు పిలిచినప్పుడు నాకంటే ముందు ఆమె వంతు. "సారును పంపియ్, నిలబడలేకపోతుండు" అంది.

మందులు తీసుకున్నాక మళ్లీ వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాను.

"మణెమ్మా, ఆ రోజు నీ నోరు మూయించాను. తప్పు చేశాను. క్షమించు."

ఆమె చీటీ మడతపెట్టింది, విప్పింది.

"గది నన్నడుగకు సారూ. ఇయ్యాల మాఫీ అంటె రేపు మళ్ల మండుతది నాకు. మీరు మంచిగనే పాడిన్రు. ఇంటికాడ పాట ఎత్తుకునేటోడు లేడు గద, ఆన్నే మొత్తం జెప్పుకున్న."

"ఎవరికి?"

"ఇంగెవరికి, దేవునికే. రోజు కొట్లాడ్త. పొద్దుగాల పొయ్యి ఊదుకుంట కొట్లాడ్త."

"దేవుడితో కొట్లాడొచ్చా?"

"ఇననోనితోని ఎవడన్న కొట్లాడ్తడా? ఇంటడనే గద. ఇనడు అనుకుంటె ఊకుందును." చీటీ కొంగున ముడేసుకుని, "సుగుణమ్మ ఏమంటది?" అని అడిగింది.

"ఏమీ అనటం లేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఏమనలేదంటె, ఆడ గూడ పాట ఎత్తుకున్నట్టున్నవ్" అంది.

ఇంటికి వచ్చి బైబిల్లో కీర్తనలు తీశాను. ఇరవై ఏళ్లుగా చదువుతున్న పుస్తకమే. నేను సంఘంలో చదివించడానికి పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్న చోట్లు చూసుకున్నాను. దాదాపు ప్రతి చోటా కీర్తన చివరి నాలుగు వచనాలకే గుర్తు, స్తుతి ఉన్నచోట. దానికి పైన ఏముందో ఆ రోజు చదివాను. ఆ కీర్తన పాడినవాడు దేవుణ్ణి ఎన్నాళ్లు అని అడుగుతున్నాడు. ఎందుకు నిద్రపోతున్నావు అంటున్నాడు. నేనేమీ చేయలేదు, ఎందుకు కొడుతున్నావు అంటున్నాడు. ఒకటి రెండు కీర్తనలైతే చివర్లో కూడా స్తోత్రం లేదు, చీకట్లోనే ఆగిపోయాయి. వాటి పక్కన నేను ఎప్పుడూ పెన్సిలు పెట్టలేదు. అదే బైబిల్లో, ఏ తప్పూ చేయకపోయినా ఒళ్లంతా పుండ్లతో బూడిదలో కూర్చున్న మనిషి కథ కూడా తీశాను. ఆయన డేరా తవ్వడానికి ముగ్గురు స్నేహితులొచ్చారు. వాళ్ల మాటల్లో నా మాటలు ఎన్ని ఉన్నాయో చూసి సిగ్గుపడ్డాను. కథ చివర దేవుడు ఆ స్నేహితులతో, "నన్ను నిలదీసినవాడే సరిగ్గా మాట్లాడాడు, నన్ను వెనకేసుకొచ్చిన మీరు కాదు" అంటాడు. ఇది నేను ప్రసంగంలో ఎన్నిసార్లు దాటవేశానో.

అన్యాయంగా బాధపడేవాడి చేత ఒప్పుకోలు చెప్పించడం, వాడు మోస్తున్న మూటలో ఇంకో రాయి వేయడమే. వాడికి బైబిలు ఇచ్చింది ఫిర్యాదు. దాన్ని దేవుడి ముఖం మీదే చెప్పే హక్కు. నేను రేకుల షెడ్డులో డోలక్‌తో లాగేసుకుంది దాన్నే. నా జబ్బు నా పాపానికి వచ్చిందని నేను ఇప్పుడూ అనుకోవడం లేదు. దుమ్ములోనో బస్సులోనో వచ్చింది. కానీ జబ్బులో ఉండి నేను చేసింది మాత్రం పాపమే, దానికి ఏ క్రిమీ కారణం కాదు.

జూన్‌లో పాస్టరు గారు స్వస్థత సాక్ష్యం చెప్పమన్నారు. మణెమ్మకు నేను చేసింది ముందు చెప్తాను, ఇక డేరాలు తవ్వనని కూడా చెప్తాను అన్నాను.

"అవన్నీ ఎందుకు బ్రదర్, జనం కలవరపడతారు. స్వస్థత ఒక్కటీ చెప్పండి" అన్నారు.

చెప్పలేదు. పెద్దరికం వదులుకుంటానని కాగితం రాసిచ్చాను. ఇమ్మానుయేలు గారు ఇప్పుడు ఆ స్థానంలో ఉన్నారు. ఇలా వదులుకోవడం కూడా మంచిపేరు కోసమేనేమో అని నా మీద నాకు అనుమానం ఉంది. అది పోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, సుగుణకు సెలవు. సంఘానికి నేనూ వెళ్లలేదు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎదురుగా కింద కూర్చున్నాను.

"ఆ శుక్రవారం నేను నీ మీద చెప్పింది అబద్ధం" అన్నాను. "నీ వల్ల రాలేదు. భయమేసి నిన్ను చూపించాను."

"నా వల్ల రాలేదని నాకు తెలుసు. మీరు చెప్పాలా?"

"కోపం ఉంటే చెప్పు."

"మీకా?" చేట మీద నుంచి చూపు ఎత్తలేదు. "మీకు చెబితే ఏడుస్తారు. తర్వాత ఓదార్చే పని కూడా నాకే."

అది నిజం. "అయితే దేవుడికి చెప్పు. నేను పక్కన కూర్చుంటాను" అన్నాను.

ఇప్పుడు చూసింది. "ఇదేంటి, కొత్తరకం డేరానా?"

"కాదు."

"కాదని మీరంటే నేను నమ్మాలా?"

"నమ్మొద్దు."

చేట పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. మాకు అలవాటే, ఒకరు ప్రార్థన చేస్తే రెండోవాళ్లు చివర ఆమేన్ అనాలి. ఆమె కళ్లు మూసుకుని మొదలుపెట్టింది, రిజిస్టరులో చదివినట్టు, ఎత్తుపల్లాలు లేకుండా.

"ప్రభువా, ఈయన మీద ఫిర్యాదు తెచ్చాను. నీ మీద కూడా. పదకొండేళ్లు వార్డుల్లో చేశాను. ఇంటికి ఏం తెస్తానో అని రోజూ చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నానో నీకు తెలుసు. ఈయనకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు టీలో పంచదార కలుపుతుంటే నా పేరు వినిపించింది. అయినా టీ పట్టుకెళ్లి ఇచ్చాను. ఎందుకిచ్చానో నువ్వు చెప్పు, నాకు తెలియదు. ఈయన దుప్పట్లు ఉతికాను. ఉతకాలనిపించక కూడా ఉతికాను. పాప ఫోనులో మా అమ్మనే అమ్మా అంటోంది. అది ఎవరి పాపానికి? నేను ఉపవాసం ఉండనందుకా? నువ్వేమో మాట్లాడవు. ఈయనేమో మాట్లాడటం ఆపడు. నేను ఎవరి దగ్గర ఏడవాలి?"

ప్రతి మాటకూ నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. దుప్పట్ల గురించి ఒకటి, పాప గురించి ఒకటి. భయపడ్డాను, జ్వరంలో ఉన్నాను, ఒత్తిడి చేశారు. అవన్నీ గొంతు దాకా వచ్చాయి. దవడ నొప్పెట్టేలా నోరు మూసుకున్నాను. వీధిలో ఎవరో స్కూటరు తన్నుతున్నారు, అది అంటుకోవడం లేదు. సుగుణ గొంతు ఆగింది.

"ఆమేన్" అన్నాను.

ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది. ఆ మాట నేను ఎందుకన్నానో నా ముఖంలో వెతికినట్టు చూసింది. నేను తల దించుకోలేదు.

"ఇంకా అయిపోలేదు" అంది. మళ్లీ కళ్లు మూసుకుంది.